అధికారి మారినా ఆగని పని: బెంగళూరు ప్రభుత్వ సంస్థలు, విశ్వవిద్యాలయాలు వాతావరణ మార్పును ఎదుర్కోవలసిన తీరు

బెంగళూరులో వాతావరణ మార్పు గురించిన ప్రణాళికలకు కొరత లేదు. 2023 నవంబరులో అప్పటి బృహత్ బెంగళూరు మహానగర పాలికె ఒక వాతావరణ కార్యాచరణ ప్రణాళికను విడుదల చేసి, 2050 నాటికి నగరం నికర శూన్య ఉద్గారాల స్థితికి (గాలిలోకి వదిలే వేడి వాయువులూ తిరిగి పీల్చుకోబడేవీ సమానమయ్యే స్థితికి) చేరాలని లక్ష్యం పెట్టుకుంది. రెండేళ్లు తిరక్కముందే ఆ పాలికె రద్దయి, దాని స్థానంలో గ్రేటర్ బెంగళూరు అథారిటీ, దాని కింద ఐదు నగర పాలికెలు వచ్చాయి. ప్రణాళిక రాసిన సంస్థే లేకుండా పోయినప్పుడు, అందులోని ఏ పని ఇప్పుడు ఎవరి బల్ల మీద ఉందో వెతుక్కోవలసి వస్తుంది. విశ్వవిద్యాలయాల పరిస్థితి కూడా ఇంతకన్నా మెరుగు కాదు. రాష్ట్ర విశ్వవిద్యాలయంలో ఉపకులపతి పదవీకాలం నాలుగేళ్లకు మించదు, రిజిస్ట్రారు అంతకన్నా ముందే మారవచ్చు, ఉత్సాహంగా పని మొదలుపెట్టిన ఆచార్యుడు ఉద్యోగ విరమణ చేస్తే ఆయన నడిపిన హరిత కమిటీ కూడా ఆయనతోపాటే వెళ్లిపోతుంది.

కాబట్టి ఒక సంస్థ తన పరిధిలో చేయగలిగిన పనిని, మనుషులు మారినా నిలిచే విధంగా బిల్లులలోకి, టెండర్లలోకి, బడ్జెట్ పద్దులలోకి ఎలా ఎక్కించాలన్నదే ఇక్కడి విషయం. నగరంలోని బోర్డులలో, ఇంజనీరింగు విభాగాలలో, కళాశాలలలో, హాస్టళ్ల నిర్వహణలో తెలుగువారు చాలామందే ఉన్నారు. ఈ పనిలో ఎక్కువ భాగం పై అధికారి నిర్ణయం దాకా వెళ్లనక్కరలేకుండా వారి చేతుల మీదుగానే జరిగిపోగలదు. మొక్కలు నాటడంతోనో సామూహిక ప్రతిజ్ఞతోనో మాత్రం మొదలుపెట్టవద్దు. పర్యావరణ దినమైన జూన్ 5న నాటిన మొక్కకు వచ్చే మార్చిలో నీళ్లు ఎవరు పోయాలో ఉత్తర్వులో రాయని కార్యక్రమం ఫొటోల దగ్గరే ముగిసిపోతుంది.

పన్నెండు నెలల బిల్లులు

మొట్టమొదట కావలసింది బయటి సలహాదారు కాదు, గడచిన ఆర్థిక సంవత్సరపు బిల్లులు. బెస్కామ్ కరెంటు బిల్లులు లెక్కల విభాగంలో ఉంటాయి, జనరేటరులో పోసిన డీజిల్ వివరం ఎలక్ట్రీషియన్ దగ్గరున్న లాగ్‌బుక్కులో ఉంటుంది, గ్యాస్ సిలిండర్ల రసీదులు హాస్టల్ మెస్ దగ్గర, వాహనాల ఇంధనం లెక్క రవాణా విభాగం దగ్గర ఉంటాయి. ఏసీలలో ఏడాది పొడవునా నింపించిన గ్యాస్ ఎన్ని కిలోలో చాలాచోట్ల ఎక్కడా నమోదు కాదు. మరమ్మతు చేసిన కంపెనీ ఇచ్చిన బిల్లులలో వెతికి తీయాలి. వీటన్నిటినీ ఒకే పట్టికలోకి తేవడానికి ఒక గుమాస్తాకూ ఒక ఇంజనీరుకూ కొన్ని వారాలు పడుతుంది. కరెంటు విషయంలో సంస్థ పేరు మీద ఉన్న ఆర్.ఆర్. నంబర్లన్నీ (ఒక్కొక్క కరెంటు కనెక్షన్‌కు ఇచ్చే గుర్తింపు సంఖ్యలు) రాసుకుని, ఒక్కొక్క నంబరు ఏ భవనానికి వెళుతోందో స్వయంగా నడిచి చూసి నిర్ధారించాలి. మూతపడిన భవనానికి ఇంకా స్థిర చార్జీలు కడుతున్న సంగతీ, ప్రాంగణంలోని క్యాంటీనో బ్యాంకు శాఖో సంస్థ మీటరు మీదే నడుస్తున్న సంగతీ సాధారణంగా ఈ నడకలోనే బయటపడతాయి.

తరువాత లెక్క కట్టడం కష్టమైన పని కాదు. గ్రిడ్ కరెంటు ఒక యూనిట్‌కు ఎంత కార్బన్ డయాక్సైడ్ వెలువడుతుందో కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ ప్రచురిస్తుంది. ఇటీవలి సంవత్సరాలలో అది 0.7 కిలోలకు అటూ ఇటూగా ఉంది. డీజిల్ లీటరుకు సుమారు 2.7 కిలోలు, వంట గ్యాస్ కిలోకు సుమారు 3 కిలోలు. ఏసీలలో వాడే ఆర్-410ఏ అనే గ్యాస్ ఒక కిలో గాలిలో కలిస్తే, భూమిని వేడెక్కించడంలో అది రెండు వేల కిలోలకు మించిన కార్బన్ డయాక్సైడ్‌తో సమానం. ఒక మధ్యతరహా కళాశాల నెలకు లక్ష యూనిట్లు, ఏడాదికి పదివేల లీటర్ల డీజిల్, వెయ్యి వాణిజ్య సిలిండర్లు వాడుతుందనీ, దాని ఏసీలనుంచి ఏడాదిలో 30 కిలోల గ్యాస్ కారిపోతుందనీ అనుకుందాం. కరెంటు వల్ల 840 టన్నులు, డీజిల్ వల్ల 27, వంట గ్యాస్ వల్ల 57, ఏసీ గ్యాస్ వల్ల 60 టన్నులకు పైగా తేలుతుంది. నల్లటి పొగ వదిలే జనరేటరు మీదే అందరి చూపూ ఉంటుంది కానీ, ఎవరి కంటికీ కనిపించని ఏసీ లీకు దానికి రెట్టింపుకన్నా ఎక్కువ. లెక్క కట్టకముందే పరిష్కారాలు నిర్ణయించుకునే సంస్థలు తప్పు చోట డబ్బు ఖర్చు పెట్టేది ఇందుకే.

ఇక్కడ రెండు జాగ్రత్తలు అవసరం. పోల్చి చూసుకోవడానికి ఎంచుకునే మూల సంవత్సరం 2020-21 గానీ 2021-22 గానీ కాకూడదు. కోవిడ్ కారణంగా భవనాలు మూతపడిన ఆ సంవత్సరాలతో పోలిస్తే ఎంత పొదుపు చేసినా ఉద్గారాలు పెరిగినట్టే కనిపిస్తాయి. అలాగే విద్యార్థుల రాకపోకలు, ఆచార్యుల విమాన ప్రయాణాలు, కొన్న ప్రతి వస్తువు వెనుక ఉన్న ఉద్గారాలు మొదటి ఏడాదే లెక్కించాలని పట్టుబట్టకూడదు. అవి ముఖ్యం కాదని కాదు; ఆ సర్వేలలో కూరుకుపోయి కరెంటు మీటరు దగ్గరికే చేరుకోని కమిటీలు ఎక్కువ.

కరెంటు

హై టెన్షన్ కనెక్షన్ ఉన్న సంస్థ ముందుగా తన కాంట్రాక్ట్ డిమాండునూ (సరఫరా కంపెనీతో ఒప్పందం చేసుకున్న గరిష్ఠ లోడు) పన్నెండు నెలలలో నమోదైన గరిష్ఠ డిమాండునూ పక్కపక్కన పెట్టి చూడాలి. అవసరానికి మించిన డిమాండుకు డబ్బు కడుతున్నట్టు తేలితే దాన్ని తగ్గించుకోవడం వల్ల ఉద్గారాలు తగ్గవు కానీ, తరువాతి పనులకు తొలి పెట్టుబడి సమకూరుతుంది. ఆ పైన ఒక ఆదివారం రాత్రి రెండు గంటలకు మీటరు రీడింగు తీయించాలి. ఎవరూ లేని వేళ కూడా లోడు పగటి లోడులో మూడో వంతో నాలుగో వంతో ఉంటే, అది ఏ ప్రయోగశాల ఫ్రిజ్‌లోనో, ఏ సర్వరు గదిలోనో, రాత్రంతా తిరిగే ఏ నీటి పంపులోనో పోతున్నట్టు. భవనాలకు వెళ్లే ఒక్కొక్క ఫీడరు లైనూ కట్టేసి చూస్తే అది ఎక్కడో దొరుకుతుంది.

ఏసీల ఉష్ణోగ్రతను ఒక డిగ్రీ పెంచితే ఆరు శాతం దాకా కరెంటు ఆదా అవుతుందని బ్యూరో ఆఫ్ ఎనర్జీ ఎఫిషియెన్సీ చెబుతుంది; స్టార్ రేటింగ్ ఉన్న గది ఏసీలను, వేయగానే 24 డిగ్రీల దగ్గర మొదలయ్యేలా అమర్చి అమ్మాలన్న నిబంధన 2020 జనవరినుంచి అమలులో ఉంది. రిమోట్ ఎవరి చేతిలో ఉందన్నదే అసలు సమస్య కనుక, సభా మందిరాల్లో, సమావేశ గదుల్లో ఆ స్థాయిని తాళం వేసి ఉంచే ఏర్పాటు చేయాలి. సముద్ర మట్టానికి దాదాపు 900 మీటర్ల ఎత్తున ఉన్న ఈ నగరంలో, ఎదురెదురు కిటికీలూ మంచి ఫ్యాన్లూ ఉన్న తరగతి గదికి ఏడాదిలో ఎక్కువ నెలలు ఏసీతో పనిలేదు. అయినా కొత్తగా కడుతున్న ప్రభుత్వ భవనాల ముఖం మీద పడమటి వైపు అద్దాలు బిగించి, లోపల పుట్టిన వేడిని బయటికి తోయడానికి మళ్లీ ఏసీలు పెట్టడం మానలేదు. నమూనా గీసే దశలో ఆర్కిటెక్టుతో గట్టిగా మాట్లాడితే ఖర్చు లేకుండా పోయే సమస్య, కట్టిన తరువాత ముప్పై ఏళ్ల కరెంటు బిల్లుగా మిగులుతుంది.

సౌర ఫలకాల విషయంలో ఒక కిలోవాట్‌కు నీడ పడని వంద చదరపు అడుగుల కప్పు కావాలి. ఏడాదికి సుమారు 1,400 యూనిట్లు వస్తాయని అంచనా వేసుకోవచ్చు. పెట్టుబడి లేని సంస్థ, కంపెనీయే ఫలకాలు బిగించి యూనిట్‌కు ఇంత అని వసూలు చేసుకునే పద్ధతికి వెళ్లవచ్చు. ఒప్పందంలో ఏడాదికి కనీస ఉత్పత్తి హామీ, ఫలకాలు కడిగే బాధ్యత, కప్పు కారితే మరమ్మతు ఎవరిది, ఇన్వర్టరు చెడిపోతే ఎన్ని రోజుల్లో మార్చాలి అన్నవి స్పష్టంగా లేకపోతే, ప్రారంభోత్సవం జరిగిన కొన్నేళ్లకే ఆ ఫలకాలు దుమ్ము పట్టి ఉత్తినే పడి ఉంటాయి. వచ్చిన యూనిట్లు చూపే తెరను ప్రిన్సిపాల్ గదిలో కాక, అందరూ నడిచే వసారాలో పెడితే ఉత్పత్తి ఆగిన రోజున ఎవరో ఒకరు అడుగుతారు.

బెంగళూరులో నీరంటే కరెంటే

ఈ నగరానికి కావేరి నీరు సుమారు 100 కిలోమీటర్ల దూరంనుంచి వస్తుంది, తొరెకాడనహళ్లినుంచి మూడు దశల పంపింగుతో దాదాపు 500 మీటర్ల ఎత్తు ఎక్కుతుంది. ఒక కిలోలీటరు నీటిని అంత ఎత్తుకు చేర్చడానికి భౌతిక శాస్త్ర సూత్రం ప్రకారమే 1.36 యూనిట్లు కావాలి. పంపుల సామర్థ్యాన్ని కూడా లెక్కలోకి తీసుకుంటే రెండు యూనిట్లకు దగ్గరవుతుంది. అంటే కుళాయిలో వృథాగా పోయిన ప్రతి కిలోలీటరూ నగర జల మండలి ఖాతాలో ఒకటిన్నర కిలోల కార్బన్ డయాక్సైడ్‌కు దగ్గరగా జమ అవుతుంది. నీటి పొదుపును ఎండాకాలపు ముచ్చటగా కాకుండా ఉద్గారాల తగ్గింపుగా కూడా చూడవలసిన నగరం ఇది.

2024 వేసవిలో నగరంలోని దాదాపు 14,000 ప్రభుత్వ బోర్లలో సగం ఎండిపోయాయి. తాగునీటితో కార్లు కడిగినా తోటలు తడిపినా ఐదు వేల రూపాయల జరిమానా విధిస్తామని జల మండలి అప్పుడు ప్రకటించింది, వాణిజ్య భవనాల కుళాయిలకు నీటి ధారను తగ్గించే ఏరేటర్లు తప్పనిసరి చేసింది. అదే ఏడాది అక్టోబరులో రోజుకు 77 కోట్ల 50 లక్షల లీటర్లు తెచ్చే కావేరి నీటి పథకం ఐదవ దశ మొదలైంది. కొత్త నీరు వచ్చింది కాబట్టి ఆ వేసవిని మరచిపోవచ్చునని అనుకునే సంస్థకు, కావేరి పరీవాహక ప్రాంతంలో వాన తగ్గిన ఏడాది ఏ దశ పైపు అయినా ఒకటేనని గుర్తు చేయాలి.

సంస్థ చేయవలసిన మొదటి పని భవనానికి ఒక నీటి మీటరు పెట్టడం. రెండోది కప్పు మీది వాన. ఒక చదరపు మీటరు కప్పు మీద ఒక మిల్లీమీటరు వాన పడితే ఒక లీటరు. బెంగళూరులో ఏడాదికి సగటున దాదాపు వెయ్యి మిల్లీమీటర్లు కురుస్తుంది కనుక, వెయ్యి చదరపు మీటర్ల కప్పునుంచి నష్టాలు పోను ఎనిమిది లక్షల లీటర్లు పట్టవచ్చు. 2009నాటి చట్ట సవరణతో వాననీటి సేకరణ ఈ నగరంలో తప్పనిసరి అయింది. చాలా ప్రభుత్వ భవనాలలో పైపులు ఉన్నాయి కూడా. వాటి చివర ఏముందో చూడాలి. తొలి వాన మురికిని బయటికి వదిలే కవాటం, వడపోత, ఆ తరువాత సంపు, సంపు నిండాక ఇంకుడు బావి అన్న వరుస ఉండాలి. వడపోయని నీటిని నేరుగా బోరులోకి వదిలితే భూగర్భ జలాన్ని సంస్థే స్వయంగా పాడు చేసినట్టవుతుంది.

ఇంకుడు బావుల మాట వచ్చింది కనుక చెప్పాలి. ఈ నగరంలో తరతరాలుగా బావులు తవ్వే వృత్తిలో ఉన్నవారు మన్ను వడ్డర్లు. వారి ఇళ్లలో వినిపించేది తెలుగే. ఏ నేలలో ఎన్ని అడుగులకు నీరు ఇంకుతుందో చేతిలో పట్టిన మట్టిని చూసి చెప్పగలిగినవారు వారిలో ఉన్నారు. కోట్ల రూపాయల టర్నోవరు ఉండాలనే టెండరు షరతు వారిని గేటు బయటే నిలబెట్టేస్తుంది. నిబంధనలు అనుమతించే మేరకు ఇలాంటి చిన్న పనులను విడిగా పిలిచే అవకాశం ఉందేమో ఆర్థిక విభాగాన్ని ముందే అడిగి, ఫైలులో రాయించుకోవాలి.

మురుగునీటి శుద్ధి కేంద్రం ఉన్న ప్రాంగణాలలో అసలు ప్రశ్న అది ఉందా లేదా అన్నది కాదు, దాన్ని నడిపే మనిషికి శిక్షణ ఉందా, శుద్ధి అయిన నీరు మరుగుదొడ్లకూ తోటకూ వెళ్లే వేరే పైపు ఉందా అన్నది. నగరం తన వంతుగా కోరమంగల-చల్లఘట్ట లోయలో శుద్ధి చేసిన నీటిని 2018నుంచి కోలారు జిల్లా చెరువులకు పంపుతోంది. తెలుగు ఇంటి భాషగా ఉన్న ఎన్నో ఊళ్లలో ఆ నీటితో చెరువులు నిండాయి, బోర్లలో మట్టం పెరిగింది. రెండు దశల శుద్ధితో సరిపెట్టకుండా మూడో దశ కూడా చేయాలన్న కోలారు రైతుల డిమాండు మాత్రం అలాగే ఉంది. నగరంలోని ఏ ఆసుపత్రి ప్రయోగశాల అయినా, ఏ రసాయన శాస్త్ర విభాగం అయినా సింకులో ఏం పోస్తుందో అది చివరికి ఎవరి పొలానికి చేరుతుందో ఈ దారి చెబుతుంది. ప్రయోగశాల వ్యర్థాలను మురుగు పైపులోకి వదలకుండా విడిగా పట్టి పంపే ఏర్పాటును అందుకే చేయవలసిన పనుల జాబితాలో చేర్చాలి.

టెండరులో రాయనిది జరగదు

రాష్ట్ర ప్రభుత్వ సంస్థల కొనుగోళ్లలో ఎక్కువ భాగం కర్ణాటక ప్రజా కొనుగోళ్ల పారదర్శకతా చట్టం 1999 పరిధిలోకి వస్తుంది, తక్కువ ధర కోట్ చేసిన ఎల్-1కే పని వెళుతుంది. మంచి ఉద్దేశాలన్నీ ఆగిపోయేది ఇక్కడే. తక్కువ కరెంటు తాగే ఫ్యాను ధర ఎక్కువ, కాబట్టి దాన్ని కొంటే ఆడిట్ అభ్యంతరం వస్తుందని భయపడతారు. ఆ భయం నిరాధారం కాదు కానీ, దానికి మందు కూడా చట్టంలోనే ఉంది. బిడ్లు తెరిచిన తరువాత మంచిదాన్ని ఎంచుకోవడానికి వీలులేదు. టెండరు పత్రం రాసేటప్పుడు కనీస సామర్థ్యాన్ని సాంకేతిక నిర్దేశంగా పెట్టడానికి ఏ అడ్డూ లేదు. ‘35 వాట్లకు మించని సీలింగ్ ఫ్యాను’ అని రాస్తే, ఆ హద్దుకు లోబడినవాటిలోనే ఎల్-1 తేలుతుంది. బ్రాండు పేరు రాయకూడదు, ఒక్క కంపెనీకే సరిపోయే కొలతలు పెట్టకూడదు, ముందస్తు సమావేశంలో వచ్చిన ప్రశ్నలకు లిఖితపూర్వకంగా జవాబు ఇవ్వాలి.

నోట్ ఫైలులో సమర్థన ఇలా ఉండాలి. పాత ఫ్యాను 75 వాట్లు, కొత్తది 30 వాట్లు, తేడా 45. రోజుకు పది గంటలు, ఏడాదికి 250 రోజులు తిరిగితే 112 యూనిట్లు మిగులుతాయి. యూనిట్ ఎనిమిది రూపాయలైతే ఏడాదికి తొమ్మిది వందలు. రెండింటి ధరలో తేడా పదిహేను వందలు అనుకుంటే రెండేళ్లు నిండకముందే తిరిగి వస్తుంది, ఆ తరువాత ఫ్యాను ఉన్నంతకాలమూ లాభమే. ఇలాంటి అరపేజీ లెక్క ఫైలులో ఉంటే ఆడిట్‌కు సమాధానం ముందే సిద్ధమైనట్టు. పెద్ద యంత్రాలకైతే కొనే ధరతో పాటు పదేళ్ల కరెంటు ఖర్చునూ ఐదేళ్ల నిర్వహణ ఖర్చునూ కలిపి పోల్చే సూత్రాన్ని టెండరు పత్రంలోనే ప్రకటించాలి. ఏసీ కొనుగోలులో భూమిని తక్కువగా వేడెక్కించే గ్యాస్ నింపినవే కావాలని (ఆర్-32 ప్రభావం ఆర్-410ఏలో మూడో వంతు), పాతవి తీసేటప్పుడు వాటిలోని గ్యాస్‌ను గాలిలోకి వదలకుండా పట్టి అప్పగించిన ధ్రువపత్రం ఇవ్వాలని షరతు పెట్టాలి.

కట్టడాల విషయంలో ఇంకో చిక్కు ఉంది, బయటివారికి ఇది అంతగా తెలియదు. ప్రజా పనుల శాఖ ధరల పట్టికలో లేని అంశాన్ని అంచనాలో చేర్చడానికి ఏ ఇంజనీరూ ఇష్టపడడు. కొటేషన్లు తెప్పించి, రేటు విశ్లేషణ చేసి, పై అధికారి ఆమోదం కోసం తిరగవలసి వస్తుంది. ఎండను తిప్పికొట్టే చలువ పూత, ఫ్లైయాష్ (బొగ్గు బూడిద) లేదా స్లాగ్ (ఇనుప కొలిమి మడ్డి) కలిపిన సిమెంటు, నీరు ఇంకే నడకదారి పలకలు వంటివి పట్టికలో ఏ పేరుతో ఉన్నాయో వెతికి ఒక చిట్టా తయారు చేసి ప్రతి ఇంజనీరుకూ ఇవ్వడం, లేనివాటిని చేర్చమని ధరల కమిటీకి ఏటా లిఖితపూర్వకంగా కోరడం ఎంతో ఉపయోగకరమైన పని. ఒక పెద్ద సభ కన్నా ఈ చిట్టాకే నేను ఎక్కువ విలువ ఇస్తాను.

ఎండ, వాన

ఉద్గారాలు తగ్గించడం ఒక వైపు. ఇప్పటికే మారిన వాతావరణాన్ని తట్టుకోవడం మరో వైపు. చల్లని ఊరని పేరున్న బెంగళూరులో 2016 ఏప్రిల్‌లో 39.2 డిగ్రీలు నమోదైంది. పై అంతస్తు తరగతి గదులకు, వార్డులకు చలువ కప్పు వేయడం తక్కువ ఖర్చుతో అయ్యే పని. తెలంగాణ ప్రభుత్వం 2023లో చలువ కప్పుల విధానం తెచ్చి ప్రభుత్వ భవనాలకు దాన్ని తప్పనిసరి చేసింది. ఆ పత్రంలోని సాంకేతిక వివరాలను ఇక్కడి సంస్థలు నేరుగా వాడుకోవచ్చు.

అయితే ఎండ ముందుగా తగిలేది గదుల్లో ఉన్నవారికి కాదు. గేటు దగ్గర నిలబడే కాపలాదారు, తోటమాలి, ఊడ్చేవారు, కట్టడం పనిలో ఉన్న కూలీలు దాదాపు అందరూ గుత్తేదారు మనుషులే. వారిలో అనంతపురం, చిత్తూరు, మహబూబ్‌నగర్, రాయచూరు వైపునుంచి వచ్చినవారు చాలామంది. మధ్యాహ్నం పన్నెండునుంచి మూడు దాకా బయటి పని ఆపడం, నీడ, తాగునీరు, ఆ విరామానికి కూలి కోయకుండా ఉండటం అన్నవి ఔట్‌సోర్సింగ్ ఒప్పందంలో షరతులుగా ఉండాలి; సర్క్యులరుగా పంపితే గుత్తేదారు దాన్ని చదవడు. ఆ షరతులను గేటు దగ్గర కన్నడంలోనూ తెలుగులోనూ పెద్ద అక్షరాలతో రాసి పెట్టాలి. ఏప్రిల్, మే నెలల పరీక్షలను ఉదయం పూటకు మార్చడం విశ్వవిద్యాలయం చేతిలో ఉన్న పనే.

వాన విషయంలో 2022 సెప్టెంబరులో అవుటర్ రింగ్ రోడ్డు వైపు వచ్చిన వరదను నగరం చూసింది. ప్రతి ప్రాంగణమూ తన పటం మీద నీరు నిలిచే చోట్లు, వాననీటిని మోసుకుపోయే పెద్ద కాలువ అయిన రాజకాలువ ఏ వైపు ఉందో, ఆవరణలోనుంచి వెళ్లే పాత కాలువ మీద ఏ షెడ్డు కట్టారో గుర్తించాలి. ట్రాన్స్‌ఫార్మరు ప్యానెళ్లు, జనరేటరు, సర్వర్లు, పాత రికార్డుల గది సెల్లారులో ఉంటే పైకి మార్చాలి. కర్ణాటక రాష్ట్ర ప్రకృతి వైపరీత్యాల పర్యవేక్షణ కేంద్రం యలహంకనుంచి వాన సమాచారాన్ని ఎప్పటికప్పుడు ఇస్తుంది, మేఘ సందేశ అనే యాప్ కూడా ఉంది. ఆ హెచ్చరిక వచ్చినప్పుడు ఏ పంపు ఎవరు వేయాలో డ్యూటీ చార్టులో పేరు లేకపోతే హెచ్చరికతో ఒరిగేది లేదు.

చెత్త గురించి ఎక్కువ చెప్పనక్కరలేదు. రోజుకు వంద కిలోలు దాటిన ప్రతి సంస్థనూ 2016నాటి నియమాలు పెద్ద ఎత్తున చెత్త పుట్టించేదిగా లెక్కించాయి. మెస్ తడి చెత్తను ప్రాంగణంలోనే ఎరువుగానో బయోగ్యాస్‌గానో మార్చాలి. నగరం చెత్తను మోసిన మండూరు, మావళ్లిపుర గ్రామాల అనుభవం ఎందుకో చెబుతుంది. వండిన అన్నం ఎంత మిగిలిందో రోజూ తూచి, ఆ సంఖ్యను మెస్ బోర్డు మీద రాయడం అన్నిటికన్నా ముందు చేయవలసినది.

విశ్వవిద్యాలయం ప్రత్యేకంగా చేయగలిగినది

పర్యావరణాన్ని పాఠ్యాంశం చేయాలని సుప్రీంకోర్టు 1991లోనే చెప్పింది, డిగ్రీ విద్యార్థులందరికీ అది తప్పనిసరి పేపరు అయింది కూడా. పరీక్ష ముందు రోజు చదివి మరచిపోయే పేపరుగా అది మిగలడం మన అందరికీ తెలిసిన విషయమే. దానిలోని ప్రాజెక్టు పనికి సొంత ప్రాంగణాన్నే విషయంగా ఇవ్వాలి. ఒక బృందం ఏసీ గ్యాస్ లెక్క తీస్తుంది, మరొకటి ఇంకుడు బావుల నీటి మట్టం నెలనెలా కొలుస్తుంది, న్యాయ విద్యార్థులు టెండరు షరతుల ముసాయిదా రాస్తారు, తెలుగు, కన్నడ విభాగాల విద్యార్థులు కార్మికులకు అర్థమయ్యే ఎండ జాగ్రత్తలు రాస్తారు. ఆ కొలతలన్నీ ఏటా ఒకే పద్ధతిలో, ఒకే చోట భద్రపరిస్తే ఐదేళ్లలో అది పరిశోధనకు పనికివచ్చే సమాచారం అవుతుంది.

భారతీయ విజ్ఞాన సంస్థలో 2009నుంచి దివేచా వాతావరణ మార్పు కేంద్రం ఉంది. నగరంలో ఈ రంగపు నిపుణులకు కొదవ లేదు. నగర పాలికెకూ నిపుణులకూ మధ్య లోపించేది తరచు ఒక సాధారణ ఒప్పందం: ఏ సమాచారం, ఏ రూపంలో, ఏ తేదీకి, ఎవరికి ఇవ్వాలి అన్నది. పాలికె ఒక వార్డును, విశ్వవిద్యాలయం ఒక విభాగాన్ని కేటాయించి మూడేళ్ల ఒప్పందం రాసుకుంటే చాలు. అందులో ఫలితాలను కన్నడంలో, వార్డు ప్రజలు మాట్లాడే ఇతర భాషలలో వెల్లడించే నిబంధన ఉండాలి. పత్రికలో పరిశోధన పత్రం అచ్చయ్యేదాకా వార్డు ఇంజనీరుకు సమాచారం ఇవ్వకపోవడం మంచి పద్ధతి కాదు.

ఉత్తర్వు, పద్దు, తేదీ

ఈ పనులను నిలబెట్టేది చివరికి మూడు కాగితాలు. మొదటిది బాధ్యత అప్పగించే ఉత్తర్వు. అది వ్యక్తి పేరు మీద కాక హోదా మీద ఉండాలి. కార్యనిర్వాహక ఇంజనీరు కరెంటుకూ నీటికీ, ఆర్థికాధికారి కొనుగోలు షరతులకూ, సంక్షేమాధికారి ఎండ జాగ్రత్తలకూ జవాబుదారీ అని రాస్తే, కుర్చీలోకి ఎవరు వచ్చినా పని వారిదే అవుతుంది. విశ్వవిద్యాలయంలో దీన్ని దాని పాలక మండలి అయిన సిండికేట్ తీర్మానంగా చేయించాలి. వాతావరణ మార్పు దుష్ప్రభావాలనుంచి రక్షణ పొందే హక్కును రాజ్యాంగంలోని 14, 21 అధికరణాలలో భాగంగా సుప్రీంకోర్టు 2024లో రంజిత్‌సింహ్ కేసులో గుర్తించింది. తీర్మానం పీఠికలో ఆ తీర్పును ఉదహరిస్తే న్యాయ విభాగం అభ్యంతరం తేలిగ్గా తీరుతుంది.

రెండోది బడ్జెట్ పద్దు. ముంబై పాలక సంస్థ 2024లో వాతావరణ బడ్జెట్‌ను విడిగా ప్రచురించింది. ఒక కళాశాలకు అంత అవసరం లేదు. కరెంటు పొదుపు వల్ల మిగిలిన డబ్బులో సగమైనా సాధారణ నిధిలో కలిసిపోకుండా, మరుసటి ఏడాది ఇదే పనులకు తిరిగి వచ్చేలా ఆర్థిక కమిటీ ఒక ఉప పద్దు తెరిస్తే సరిపోతుంది. అది లేకపోతే పొదుపు చేసిన విభాగానికి వచ్చే ఏడాది బడ్జెట్ తగ్గించడమే బహుమానం అవుతుంది.

మూడోది బహిరంగ ప్రకటన. సమాచార హక్కు చట్టం నాలుగో సెక్షను కింద ప్రతి ప్రభుత్వ సంస్థా ఎవరూ అడగకుండానే సమాచారం వెల్లడించాలి. కరెంటు, నీరు, డీజిల్, ఏసీ గ్యాస్, చెత్త అంకెల ఒక్క పేజీని అందులోనే కలిపి ఏటా ఒకే తేదీన ప్రచురించాలి. అంకెలు చెడ్డగా ఉన్న ఏడాది కూడా ప్రచురించాలి.

తేదీలు ముఖ్యం. తరువాతి ఏడాది బడ్జెట్ అంచనాలు చాలా సంస్థలలో డిసెంబరు, జనవరి నెలల్లో తయారవుతాయి కనుక, బిల్లుల పట్టిక అక్టోబరుకల్లా పూర్తి కావాలి. కప్పు పూతలు, ఇంకుడు బావుల పూడికతీత, వడపోతల శుభ్రం ఏప్రిల్ వానలు మొదలు కాకముందు మార్చిలో ముగియాలి, అందుకు టెండరు నవంబరులోనే పిలవాలి. అధికారి బదిలీ అయినప్పుడు ఇచ్చే చార్జి జాబితాలో ఆర్.ఆర్. నంబర్ల పట్టిక, చివరి మీటరు రీడింగులు, సౌర ఒప్పందం గడువు, శుద్ధి కేంద్రం లాగ్‌బుక్కు, ధరల పట్టిక చిట్టా ఉండేలా రిజిస్ట్రారు లేదా కమిషనరు ఒక నమూనా పత్రం జారీ చేయాలి. దాని మీద ఇచ్చేవారూ పుచ్చుకునేవారూ ఇద్దరూ సంతకం చేయాలి.